కోర్టులో ఓడిన ప్రతిసారీ ఒక కొత్త చట్టం: దక్షిణాఫ్రికా తెల్ల ప్రభుత్వం రాజకీయ ఖైదును ఎలా నడిపింది?

1963 మే 3. రాబర్ట్ సొబుక్వేకి పడిన మూడేళ్ల శిక్ష ఆ రోజుతో పూర్తయింది. పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ నాయకుడైన ఆయన 1960లో పాస్ చట్టాలను (నల్లవారు ఎక్కడికెళ్లినా అనుమతి కాగితం జేబులో ఉంచుకోవాలన్న చట్టాలు) ధిక్కరించమని నల్లజాతి ప్రజలకు పిలుపునిచ్చారు, దానికే ఆ శిక్ష. గడువు తీరింది కాబట్టి ఇంటికి పంపాలి. పంపలేదు. ఆ తేదీ రాకముందే పార్లమెంటు ఒక సవరణ పాస్ చేసి పెట్టుకుంది. శిక్ష అనుభవించేసిన ఖైదీని కూడా న్యాయశాఖ మంత్రి ఇంకా లోపలే ఉంచొచ్చని దాని సారాంశం. ఏటేటా పొడిగిస్తూ సొబుక్వేని ఆరేళ్లపాటు రాబెన్ దీవిలో, మిగతా ఖైదీలకు దూరంగా ఒక చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంచారు. ఆ క్లాజును ఇంకెవరి మీదా వాడలేదు. అందుకే దాని పేరే ‘సొబుక్వే క్లాజు’ అయిపోయింది.

ఒక్క మనిషి కోసం పార్లమెంటు చట్టం చేయడం వింతగా అనిపించొచ్చు. పోలీసులే చట్టాన్ని పక్కనపెట్టి ఆయన్ని పట్టుకుపోవచ్చు కదా? చాలా నియంతృత్వాలు చేసేది అదే. దక్షిణాఫ్రికా అలా చేయకపోవడంలోనే ఆ వ్యవస్థ పనితీరు దాగి ఉంది.

క్లుప్తంగా

1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చాక దక్షిణాఫ్రికాలో అణచివేత ఎక్కువగా చట్టం ద్వారానే సాగింది. మామూలు కోర్టు విచారణలో ప్రభుత్వం ఓడిపోయిన చోటల్లా చట్టం మారింది, మారిన ప్రతిసారీ జడ్జి అధికారం తగ్గి పోలీసు అధికారం పెరిగింది. విచారణ లేని నిర్బంధం, ఏకాంత ఖైదు, లాకప్ మరణాలు, జైలు వార్తలపై నిషేధం అన్నీ ఈ గొలుసులోని లింకులే. ఆ చట్టాలు పోయి 30 ఏళ్లు దాటినా లాకప్ మరణాల కేసులు ఈరోజుకీ కోర్టుల్లో నలుగుతున్నాయి.

156 మందిని పట్టి, ఒక్కరికీ శిక్ష వేయించలేక

1956 డిసెంబరులో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్, దాని మిత్ర సంఘాలకు చెందిన 156 మందిని రాజద్రోహం కింద అరెస్టు చేశారు. నల్లవారు, భారత సంతతివారు, మిశ్రజాతివారు, తెల్లవారు అందరూ అందులో ఉన్నారు. నేరం రుజువైతే ఉరిశిక్ష కూడా పడొచ్చు. కేసు నాలుగేళ్లకు పైగా సాగింది. మధ్యలో చాలామందిని వదిలేయగా చివరికి 30 మంది మిగిలారు. 1961 మార్చి 29న ముగ్గురు జడ్జీల బెంచి వాళ్లనీ నిర్దోషులని తేల్చింది. ప్రభుత్వాన్ని హింసతో కూల్చాలన్న విధానం వీరికి ఉందని ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయింది.

అప్పటికి ప్రభుత్వం చేతిలో కఠిన చట్టాలు లేకపోలేదు. 1950 నాటి కమ్యూనిజం అణచివేత చట్టంలో ‘కమ్యూనిజం’ నిర్వచనం ఎంత వెడల్పుగా ఉందంటే, చట్టవిరుద్ధమైన పద్ధతిలో ఏ రాజకీయ, సామాజిక మార్పు కోరినా అందులోకి వచ్చేస్తుంది. 1952 ధిక్కార ఉద్యమంలో ఎనిమిది వేల మందికి పైగా అరెస్టయ్యారు. తెల్లవారికి కేటాయించిన బెంచీల మీద కూర్చోవడం, రైల్వే స్టేషన్లలో వాళ్ల గేటు నుంచి లోపలికి వెళ్లడం వంటివి వాళ్లు చేసిన పనులు. మండేలాతో సహా ఆ ఉద్యమ నాయకులకు ‘చట్టం నిర్వచించిన కమ్యూనిజం’ నేరం కింద శిక్ష వేస్తూ జడ్జి రుంప్ఫ్, మామూలుగా అందరూ కమ్యూనిజం అనుకునేదానికీ దీనికీ సంబంధం లేదని తీర్పులోనే చెప్పారు. సంబంధం లేదన్నారు, అయినా శిక్ష వేశారు. చట్టంలో రాసి ఉన్నది అదే కాబట్టి. ఎనిమిదేళ్ల తర్వాత రాజద్రోహం కేసు కొట్టేసిన బెంచికి నాయకత్వం వహించిందీ ఈ రుంప్ఫే.

ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెడితే విషయం అర్థమవుతుంది. బ్రిటిష్ సంప్రదాయం నుంచి వచ్చిన దక్షిణాఫ్రికా వ్యవస్థలో పార్లమెంటే సర్వాధికారి. ప్రాథమిక హక్కుల అధ్యాయం లేదు. సాక్ష్యం బలంగా లేదని జడ్జి కేసు కొట్టేయగలడు కానీ, చట్టమే అన్యాయమని కొట్టేయలేడు. ఓటర్ల జాబితాను కాపాడే ఒకటి రెండు నిబంధనల విషయంలో మాత్రం కోర్టులకు ఆ అధికారం ఉండేది. 1950ల మొదట్లో మిశ్రజాతివారి ఓటు హక్కు కేసులో అప్పీలు కోర్టు దాన్ని వాడింది కూడా. ప్రభుత్వం ఏం చేసింది? అలాంటి కేసులకు 11 మంది జడ్జీలు కూర్చోవాలని రూలు తెచ్చి కొత్త జడ్జీలను నియమించింది, సెనేట్ సీట్లను 48 నుంచి 89కి పెంచి కావలసిన మెజారిటీ సంపాదించింది. ఆ పార్లమెంటును ఎన్నుకునేది దాదాపుగా తెల్లవారే. కాబట్టి చట్టం మార్చడం పాలకులకు పెద్ద పని కాదు. చట్టాన్ని ఉల్లంఘించాల్సిన అవసరమే రాలేదు.

90 రోజులు, 180 రోజులు, ఆ తర్వాత లెక్కే లేదు

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాస్ చట్టాలకు వ్యతిరేకంగా గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. తొమ్మిది రోజుల్లో ఎమర్జెన్సీ వచ్చింది, 11 వేల మందికి పైగా లోపలికి వెళ్లారు. ఏప్రిల్‌లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌నూ పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్‌నూ నిషేధించారు. రహస్యంగా పనిచేయక తప్పని స్థితికి వచ్చిన ఉద్యమంలో ఒక భాగం 1961 చివర్లో విధ్వంస చర్యలకు దిగింది.

రహస్య సంస్థను ఛేదించాలంటే లోపలి మనుషులు మాట్లాడాలి. లాయరు పక్కన ఉంటే, 48 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాల్సి వస్తే మాట్లాడరు. 1963 చట్ట సవరణ దీనికోసమే వచ్చింది. పోలీసు అధికారి వారెంటు లేకుండా ఎవరినైనా 90 రోజులు పట్టి ఉంచొచ్చు. ప్రశ్నలకు ‘తృప్తికరంగా’ సమాధానం చెబితేనే విడుదల. లాయరు ఉండడు, విడుదల చేయమని ఆదేశించే అధికారం ఏ కోర్టుకీ ఉండదు. పార్లమెంటులో దీనికి వ్యతిరేకంగా ఓటేసింది హెలెన్ సుజ్‌మన్ ఒక్కరే. 90 రోజులు పూర్తయితే? జర్నలిస్టు రూత్ ఫస్ట్‌ను విడుదల చేశామని చెప్పి, బయటికి వచ్చీ రాగానే మళ్లీ పట్టుకున్నారు. మొత్తం 117 రోజులు ఒంటరిగా ఉంచారు. అదే చట్టం కింద నిర్బంధించిన లాయరు ఆల్బీ సాక్స్ లోపల చదువుకోవడానికి పుస్తకాలు, రాసుకోవడానికి కాగితాలు కావాలని కోర్టుకెళ్తే 1964లో అప్పీలు కోర్టు కుదరదంది. మనిషిని మాట్లాడించడానికే ఈ నిర్బంధం, అలాంటప్పుడు ఆ ఒంటరితనాన్ని తేలిక చేయడం చట్టం ఉద్దేశం కాదన్నది కోర్టు వాదన. ఏకాంత ఖైదు ఒక ఆయుధమని కోర్టే ఒప్పుకున్నట్టయింది.

ఈ చట్టం తెచ్చిన న్యాయశాఖ మంత్రి జాన్ వోర్‌స్టర్ తర్వాత ప్రధాని అయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ అనుకూల అఫ్రికానర్ సంస్థలో పనిచేసినందుకు ఆయన్నీ విచారణ లేకుండానే కాఫీఫాంటైన్ శిబిరంలో ఉంచారు. ఆ అనుభవం నుంచి ఆయన నేర్చుకున్నది ఏమిటో 1963 తర్వాతి చట్టాలు చెబుతాయి.

1965లో సాక్షుల పేరుతో 180 రోజుల నిర్బంధం వచ్చింది. 1967 టెర్రరిజం చట్టం ఆరో సెక్షన్‌తో గడువు అన్నదే పోయింది. ఆ చట్టంలో ‘ప్రభుత్వ పాలనను ఇబ్బంది పెట్టడం’, ‘తెల్లవారికీ ఇతరులకూ మధ్య వైరభావం పెంచడం’ కూడా ఉగ్రవాద ఉద్దేశాల జాబితాలో ఉన్నాయి. ఆ ఉద్దేశం తనకు లేదని నిందితుడే రుజువు చేసుకోవాలి. పైగా చట్టం ఐదేళ్లు వెనక్కి, 1962 నుంచీ వర్తిస్తుంది. అప్పట్లో దక్షిణాఫ్రికా పాలనలో ఉన్న నమీబియా నుంచి తెచ్చిన 37 మందిని విచారించడానికి ఆ వెనకటి తేదీ అవసరమైంది. వారిలో ఒకరైన టోయివో యా టోయివోకి 20 ఏళ్లు పడింది.

లాకప్ మరణం, ఆ తర్వాతి కాగితాలు

గడువు లేదు, లాయరు లేడు, కోర్టుకు అధికారం లేదు. ఈ మూడూ కలిసిన గదిలో ఏం జరుగుతుందో తెలుగు పాఠకులకు పెద్దగా వివరించనక్కర్లేదు. 90 రోజుల చట్టం వచ్చిన నాలుగు నెలలకే, 1963 సెప్టెంబరులో, లుక్‌స్మార్ట్ ఎన్‌గుడ్లె పోలీసు నిర్బంధంలో చనిపోయారు. 1990 నాటికి ఇలా పోయినవారు 70 మందికి పైనే. పోలీసులు చెప్పిన కారణాలు దాదాపు ఎప్పుడూ అవే: ఉరేసుకున్నాడు, కిటికీలోంచి దూకాడు, మెట్ల మీద పడ్డాడు, సబ్బు మీద కాలు జారింది.

ఈ వ్యవస్థలో కొట్టే చేతులతో పాటు, కొట్టిన తర్వాత కాగితం రాసే చేతులూ అంతే ముఖ్యం. నల్లజాతి చైతన్య ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో కేసు దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. 1977 ఆగస్టు 18న ఆయన్ని గ్రాహమ్స్‌టౌన్ దగ్గర రోడ్డు మీద ఆపి అరెస్టు చేశారు. పోర్ట్ ఎలిజబెత్ ఇంటరాగేషన్‌లో తలకు తీవ్రమైన దెబ్బ తగిలింది. ప్రభుత్వ డాక్టర్లు చూశారు కానీ, మెదడు గాయం లక్షణాలు కనిపిస్తున్నా ఆస్పత్రికి తరలించాలని పట్టుబట్టలేదు. బట్టలు లేకుండా, సంకెళ్లతో ల్యాండ్‌రోవర్ వెనక పడుకోబెట్టి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలోని ప్రిటోరియాకు తీసుకెళ్లారు. సెప్టెంబరు 12న చనిపోయారు. పోలీసు మంత్రి జిమ్మీ క్రూగర్ మొదట నిరాహార దీక్ష మాట ఎత్తారు. పోస్ట్‌మార్టంలో మెదడు గాయమని తేలింది. అయినా అదే ఏడాది డిసెంబరులో ఇన్‌క్వెస్ట్ (మరణానికి కారణం తేల్చే విచారణ) జరిపిన మేజిస్ట్రేటు, ఎవరి తప్పూ లేదని రెండు మూడు నిమిషాల్లో ముగించారు. ఆ డాక్టర్ల మీద మెడికల్ కౌన్సిల్ చర్య తీసుకోవడానికి 1985 దాకా పట్టింది. అదీ కోర్టు ఆదేశిస్తేనే.

ఆ గొలుసులో ఒక్క లింకు తెగితే ఏమవుతుందో 1985లోనే కనిపించింది. అదే పోర్ట్ ఎలిజబెత్‌లో ఖైదీలను పరీక్షించే ఉద్యోగంలో కొత్తగా చేరిన యువ డాక్టర్ వెండీ ఓర్, తాను చూసిన గాయాల రికార్డులతో నేరుగా కోర్టుకెళ్లారు. ఖైదీలను కొట్టొద్దని కోర్టు పోలీసులకు ఆర్డరిచ్చింది. కొట్టే పోలీసులు పాతవాళ్లే, అక్కడ మారింది సంతకం పెట్టాల్సిన డాక్టర్ ఒక్కరే.

రాబెన్ దీవి: బ్రెడ్డు ఎవరికి, నిక్కరు ఎవరికి

శిక్ష పడ్డవాళ్ల కథ వేరు. వాళ్లకు కనీసం ఒక తీర్పు, ఒక నంబరు ఉంటాయి. 1964 జూన్‌లో రివోనియా కేసులో (మండేలా, ఆయన సహచరులపై పెట్టిన విధ్వంస చర్యల కేసు) యావజ్జీవం పడిన ఎనిమిది మందిలో ఏడుగురిని కేప్‌టౌన్ ఎదురుగా సముద్రంలో ఉన్న రాబెన్ దీవికి పంపారు. మండేలా నంబరు 466/64, అంటే 1964లో వచ్చిన 466వ ఖైదీ. ఎనిమిదో మనిషి డెనిస్ గోల్డ్‌బర్గ్‌ది అదే కేసు, అదే శిక్ష. కానీ తెల్లవాడు కాబట్టి ఆయన్ని ప్రిటోరియాలోని తెల్లవారి జైలుకు పంపారు. వర్ణవివక్షను ఎదిరించినందుకు పడిన శిక్షను కూడా వర్ణం ప్రకారమే అమలు చేశారన్నమాట.

దీవిలో వార్డర్లంతా తెల్లవారు, ఖైదీల్లో ఒక్క తెల్లవాడూ లేడు. ఖైదీల్లో మళ్లీ తరగతులు. భారత సంతతికి చెందిన అహ్మద్ కథ్రాడాకు పొడవు ప్యాంటు, సాక్సులు. ఆయనకంటే పెద్దవాళ్లయిన మండేలా, సిసులులకు నిక్కర్లు. ఆఫ్రికన్ మగవాడు ఏ వయసువాడైనా తెల్లవాడి దృష్టిలో ‘బాయ్’ అన్న భావన ఆ బట్టల్లోనే ఉంది. భారతీయులకూ మిశ్రజాతివారికీ బ్రెడ్డు ఇచ్చేవారు. ఆఫ్రికన్లకు ఉదయమూ సాయంత్రమూ మొక్కజొన్న జావే, బ్రెడ్డు లేదు. ఖైదీలు ఏళ్ల తరబడి పోరాడాక 1970ల చివరికి గానీ ఈ తేడా పోలేదు.

రాజకీయ ఖైదీని మొదట అన్నిటికంటే కింది ‘డి’ గ్రూపులో పెట్టేవారు. ఆరు నెలలకు ఒక ఉత్తరం, అదీ 500 పదాలకు మించకూడదు, ఆరు నెలలకు ఒక ములాఖత్. హత్య, దోపిడీ కేసుల్లో వచ్చినవాళ్లు పై గ్రూపులకు త్వరగా వెళ్లేవారు. సత్ప్రవర్తనకు శిక్ష తగ్గింపు కూడా మామూలు ఖైదీలకే. బయట ప్రభుత్వం మాత్రం ‘మా దేశంలో రాజకీయ ఖైదీలే లేరు, నేరస్థులే ఉన్నారు’ అంటూ వచ్చింది. జైలు రూల్సు మాత్రం తేడా ఏమిటో కచ్చితంగా గుర్తుపెట్టుకున్నాయి.

పట్టు చావు దాకా వెళ్లేది. మండేలా తరఫున కోర్టులో వాదించిన తెల్ల లాయరు బ్రామ్ ఫిషర్‌కే 1966లో యావజ్జీవం పడింది. క్యాన్సర్ ముదిరాక 1975లో ఆయన్ని సోదరుడి ఇంటికి పంపారు, ఆ ఇంటిని జైలు కింద లెక్కగట్టి. చనిపోయాక అస్థికలను జైళ్ల శాఖకు తిరిగి అప్పగించాలన్నారు. అవి ఎక్కడున్నాయో ఈరోజుకీ తెలియదు.

రాయడమే నేరం, డబ్బు పంపడమూ నేరమే

1959 జైళ్ల చట్టం ప్రకారం జైలు గురించి తప్పుడు సమాచారం ప్రచురించడం నేరం. సరైనదా కాదా అని జాగ్రత్తగా పరిశీలించామని పత్రికే నిరూపించుకోవాలి. జైలు అధికారులేమో ధ్రువీకరించరు. 1965లో ‘రాండ్ డైలీ మెయిల్’ జైలు పరిస్థితులపై వరుస కథనాలు వేస్తే ఎడిటర్ లారెన్స్ గాండార్, రిపోర్టర్ బెంజమిన్ పోగ్రండ్ ఇద్దరి మీదా కేసు పెట్టారు. దాంతో మిగతా పత్రికలు జైలు వార్తంటేనే వెనక్కి తగ్గాయి. ఇంటికో ఊరికో పరిమితం చేసే నిషేధాజ్ఞ పడ్డ వ్యక్తి మాటలను కోట్ చేయడం కూడా కుదరదు. మనిషి ఊళ్లోనే ఉంటాడు, పేపర్లో ఉండడు.

ఈ మౌనాన్ని బయటి నుంచి ఛేదించడంలో ఒక తెలుగు మనిషి పాత్ర ఉంది. అప్పటి నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతంలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి 1963లో ఐక్యరాజ్యసమితిలో వర్ణవివక్ష వ్యతిరేక ప్రత్యేక కమిటీకి కార్యదర్శి అయ్యారు. రివోనియా కేసు మొదలైన రెండు రోజులకే, 1963 అక్టోబరు 11న, ఆ విచారణ ఆపి రాజకీయ ఖైదీలను వదిలేయాలని జనరల్ అసెంబ్లీ తీర్మానించింది. అనుకూలంగా 106 ఓట్లు, వ్యతిరేకంగా దక్షిణాఫ్రికా ఓటు ఒక్కటే. రెడ్డి తర్వాతి రెండు దశాబ్దాలూ ఆ ఖైదీల జాబితాలను, లాయర్ ఫీజులకు నిధులను పట్టించుకుంటూ గడిపారు. లండన్‌లో చర్చి ఫాదర్ జాన్ కాలిన్స్ నడిపిన, ఖైదీలకూ వాళ్ల కుటుంబాలకూ సాయం చేసే డిఫెన్స్ అండ్ ఎయిడ్ ఫండ్‌ను దక్షిణాఫ్రికా 1966లో నిషేధించింది. ఆ తర్వాత అది బ్రిటన్‌లో, ఇతర దేశాల్లో మామూలు కుటుంబాల చేత ఉత్తరాలు రాయించి, ఖైదీల ఇళ్లకు స్నేహితుల సాయంలా డబ్బు పంపింది. ఎవరి డబ్బో తీసుకునేవాళ్లకూ తెలియదు. పోలీసులు చివరి దాకా ఆ దారిని పట్టుకోలేకపోయారు.

పక్కదేశంలో, మన దేశంలో

రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) తెల్ల ప్రభుత్వం కూడా ఇదే దారి పట్టింది. 1960 నాటి శాంతిభద్రతల చట్టాన్ని చూసి రొడీషియా, పక్క ప్రాంతాలు కలిసిన ఫెడరేషన్ ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్ ట్రెడ్‌గోల్డ్ రాజీనామా చేశారు. దక్షిణాఫ్రికాలో ఆ స్థాయి జడ్జి ఎవరూ అలా చేయలేదు. జాషువా ఎన్‌కోమో, రాబర్ట్ ముగాబే దాదాపు పదేళ్లు నిర్బంధంలో గడిపారు. 1965 నవంబరులో విధించిన ఎమర్జెన్సీ మాత్రం 1980లో ముగాబే గద్దెనెక్కాక కూడా పోలేదు. 1990 దాకా ఆయన ప్రభుత్వమే దాన్ని పొడిగిస్తూ వచ్చింది.

విచారణ లేని నిర్బంధం భారత్‌కూ కొత్త కాదు. పీడీ యాక్టు పేరు తెలుగు పేపర్లలో తరచూ కనిపించేదే. తేడా ఎక్కడంటే, ఇక్కడ నిర్బంధానికి కారణాలు చెప్పాలని, సలహా మండలి ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణ చెబుతుంది, హైకోర్టుకు వెళ్లే దారి ఉంటుంది. 1975–77 ఎమర్జెన్సీలో ఆ దారి మూసుకుపోయినప్పుడు ఇక్కడి పరిస్థితి కూడా టెర్రరిజం చట్టం ఆరో సెక్షన్‌కు దగ్గరగా వెళ్లింది.

రాజకీయ ఖైదీ ఎవరు?

1985 జులైలో కొన్ని జిల్లాల్లో, 1986 జూన్‌లో దేశమంతా ఎమర్జెన్సీ పెట్టాక నిర్బంధితుల సంఖ్య వేలల్లోంచి పదివేలల్లోకి వెళ్లింది. వారిలో 18 ఏళ్లు నిండని పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అంతమందిని ఒంటరిగా ఉంచడానికి గదులు చాలవు, ఇంటరాగేట్ చేయడానికి మనుషులు చాలరు. 1989 మొదట్లో జొహానెస్‌బర్గ్‌లో మొదలైన నిరాహార దీక్ష వందల మందికి పాకింది. ప్రభుత్వం చాలామందిని వదిలేయక తప్పలేదు. వదిలాక ఊరు దాటొద్దని, సభల్లో మాట్లాడొద్దని ఆంక్షలు పెట్టింది, అది వేరే సంగతి.

1990లో నిషేధాలు ఎత్తేసి మండేలాను విడుదల చేశాక ఒక చిక్కు ప్రశ్న వచ్చింది. బాంబు పెట్టినవాడు రాజకీయ ఖైదీయా? 1964లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కూడా హింసను సమర్థించారన్న కారణంతో మండేలాను తన ‘అంతరాత్మ ఖైదీ’ (అభిప్రాయాల వల్లే జైలుపాలైనవారి) జాబితాలోంచి తీసేసింది. చివరికి డెన్మార్క్ న్యాయకోవిదుడు నోర్‌గార్డ్ నమీబియా కోసం రాసిన సూత్రాలనే ఇక్కడా ఆధారంగా తీసుకున్నారు. నేరం వెనక ఉద్దేశం, సందర్భం, లక్ష్యం చూడాలన్నవి వాటిలో ముఖ్యం. 1992 సెప్టెంబరులో డర్బన్ బాంబు కేసులో ఉరిశిక్ష పడి, తర్వాత అది తగ్గిన రాబర్ట్ మెక్‌బ్రైడ్ విడుదలయ్యారు. అదే వారంలో, ప్రిటోరియా నడిబొడ్డున నల్లవారిని వరసగా కాల్చి చంపిన తెల్ల తీవ్రవాది బారెండ్ స్ట్రైడమ్ కూడా విడుదలయ్యాడు. బేరం ఇరువైపులా సమానంగా ఉండాలంటే అంతే అన్నారు.

పాస్ చట్టాల కింద జైలుకెళ్లినవాళ్లు మాత్రం ఏ నిర్వచనంలోకీ రాలేదు. 1916–1984 మధ్య ఆ అరెస్టులు కోటీ 70 లక్షలు దాటాయన్నది ఎక్కువమంది వాడే అంచనా. జేబులో కాగితం లేదని వారాల తరబడి లోపల గడిపిన మనిషి లెక్కల్లో మామూలు నేరస్థుడే. సంఖ్యను బట్టి చూస్తే తెల్ల పాలనలోని అసలు రాజకీయ ఖైదు అదేననిపిస్తుంది.

తిరిగి తెరుచుకుంటున్న ఫైళ్లు

వర్ణవివక్ష కాలం నేరాలను పూర్తిగా బయటపెట్టినవారికి క్షమాభిక్ష ఇచ్చే నిజం, సయోధ్యల కమిషన్, క్షమాభిక్ష పొందని దాదాపు 300 కేసులను ప్రాసిక్యూషన్‌కు అప్పగించింది. బికో కేసులో పోలీసులు అడిగిన క్షమాభిక్షను 1999లో తిరస్కరించారు. అయినా ఆ తర్వాత కేసు పెట్టలేదు. కుటుంబాలు సొంతంగా లాయర్లను పెట్టుకుని తిరిగాకే ఇన్‌క్వెస్టులు మళ్లీ మొదలయ్యాయి. 1971లో జొహానెస్‌బర్గ్ పోలీసు కార్యాలయం పదో అంతస్తు నుంచి ‘దూకిన’ అహ్మద్ టిమోల్‌ది హత్యేనని 2017లో కోర్టు తేల్చింది. మెట్ల మీద ‘జారిపడిన’ ఇమామ్ అబ్దుల్లా హారూన్, ‘ఉరేసుకున్న’ డాక్టర్ నీల్ ఆగెట్ కేసుల్లోనూ పాత తీర్పులు తలకిందులయ్యాయి. టిమోల్‌తో చివరిగా గదిలో ఉన్న మాజీ పోలీసు జొవావ్ రోడ్రిగెస్ మీద హత్య కేసు నమోదైంది. 2021లో, విచారణ మొదలవకుండానే ఆయన ముసలితనంలో చనిపోయాడు.

ఈ కేసులను ఇన్నేళ్లు ఎవరు ఆపారో తేల్చడానికి 2025లో అధ్యక్షుడు రామఫోసా ఒక విచారణ కమిషన్ వేశారు. 1994 తర్వాతి ప్రభుత్వాల వ్యవహారం కూడా దాని పరిధిలోకి వస్తుంది. అదే ఏడాది సెప్టెంబరు 12న, బికో చనిపోయి సరిగ్గా 48 ఏళ్లు నిండిన రోజున, ఆయన ఇన్‌క్వెస్టును మళ్లీ తెరిచారు. పోర్ట్ ఎలిజబెత్‌కు ఇప్పుడు గెబేహా అని పేరు. విచారణ పెట్టింది ఆ ఊళ్లోని హైకోర్టులోనే.